హైమాస్ట్‌లు, పొడవాటి దీపస్తంభాలు నిలబెట్టే పని: తరచుగా అడిగే ప్రశ్నలు

ఊరి కూడలిలోనో, బస్టాండు ముందో, గుడి మైదానంలోనో హైమాస్ట్ పెట్టించాలనుకునే సర్పంచులు, కాలనీ సంఘాల వాళ్లు, ఈ పనిలోకి కొత్తగా దిగిన ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్లు మమ్మల్ని అడిగే ప్రశ్నలివి. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పేదే ఇక్కడ రాశాం. అందరూ మొదట అడిగేది పైన ఎన్ని లైట్లు వస్తాయని. స్తంభం ఎన్నేళ్లు నిలుస్తుందన్నది మాత్రం కింద గుంతలోనే తేలిపోతుంది. అందుకే ఇందులో లైట్ల సంగతి తక్కువ, మట్టి, బోల్టుల సంగతి ఎక్కువ.

మామూలు వీధి దీపం స్తంభానికీ హైమాస్ట్‌కీ తేడా ఏమిటి?

వీధి స్తంభాలు సాధారణంగా 6 నుంచి 12 మీటర్ల లోపు ఉంటాయి. లైటు పోతే నిచ్చెన వేసుకునో, బకెట్ బండి ఎక్కో మారుస్తారు. హైమాస్ట్‌లు మన దగ్గర 12.5, 16, 20, 25, 30 మీటర్లలో వస్తాయి. అంత ఎత్తుకు మనిషి ఎక్కడు, లైట్లే కిందికి దిగుతాయి. లైట్లన్నీ ఒక రింగ్‌కు బిగించి ఉంటాయి. స్తంభం అడుగున చిన్న తలుపు, దాని లోపల వించ్ (రోపులు చుట్టుకునే యంత్రం), వించ్ నుంచి స్తంభం లోపలే పైదాకా స్టెయిన్‌లెస్ స్టీల్ రోపులు, పైన కప్పీలు. బావిలో చేద దించినట్టే రింగ్‌ను దించి, నేల మీద నిలబడి లైటు మార్చుకోవచ్చు. 12.5 మీటర్ల దాన్ని మినీ మాస్ట్ అంటారు. వీటిలో రింగ్ దిగనివి, లైట్లు పైనే బిగించేసినవి కూడా దొరుకుతాయి. కొనేముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి. లేకపోతే తర్వాత లైటు పోయిన ప్రతిసారీ బండి పిలిపించుకోవాల్సి వస్తుంది.

మా ఊరి కూడలికి ఎంత ఎత్తు కావాలి?

నాలుగు రోడ్ల చిన్న కూడలికి 12.5 మీటర్లు చాలు. బస్టాండు ఆవరణ, మార్కెట్ యార్డు, జాతర మైదానం లాంటివాటికి 16 నుంచి 20. 30 మీటర్లు జాతీయ రహదారి ఇంటర్‌ఛేంజ్‌లకు, ఓడరేవులకు, పెద్ద మైదానాలకు. పక్క ఊళ్లో 20 పెట్టారు కాబట్టి మాకూ 20 కావాలనేవాళ్లు చాలామంది. ఇళ్ల మధ్య 20 మీటర్లు పెడితే సగం వెలుగు డాబాల మీద పడుతుంది, రాత్రంతా జనం కిటికీలకు దుప్పట్లు కట్టుకుంటారు. రోడ్డు పొడవునా వెలుగు కావాలంటే హైమాస్ట్ అసలు వద్దు. 9 మీటర్ల స్తంభాలు సుమారు 30 మీటర్లకు ఒకటి చొప్పున వేసుకుంటే సరి. స్తంభం ఎత్తుకు మూడు నాలుగు రెట్ల దూరంలో ఇంకో స్తంభం అన్నది పాత లెక్కే, ఇప్పటికీ పనికొస్తుంది.

అనుమతి ఎవరి దగ్గర తీసుకోవాలి?

స్థలం ఎవరిదైతే వాళ్ల దగ్గర. పంచాయతీ స్థలమైతే తీర్మానం, పట్టణమైతే మున్సిపాలిటీ, ఆర్ అండ్ బీ రోడ్డు పక్కనైతే ఆ శాఖ, జాతీయ రహదారి హద్దులోనైతే ఎన్‌హెచ్‌ఏఐ. కరెంటు సర్వీసుకు డిస్కంలో దరఖాస్తు విడిగా పెట్టాలి. విమానాశ్రయానికి దగ్గరైతే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నుంచి ఎత్తుకు అనుమతి కావాలి. ఎంపీ నిధులో ఎమ్మెల్యే నిధులో వచ్చాయని ముందు గుంత తవ్వేసి, తర్వాత కాగితాల కోసం తిరిగేవాళ్లను చూశాం. గుంత నిండా వాన నీళ్లు, చుట్టూ ముళ్లకంప, కాగితం మాత్రం రాదు.

గుంత ఎంత లోతు తవ్వాలి? జేసీబీతో తవ్విస్తే తప్పా?

రెండు రకాల స్తంభాలు, రెండు రకాల గుంతలు. నేలలో పాతే గొట్టపు స్తంభాలకు మొత్తం పొడవులో ఆరో వంతు భూమిలోకి పోవాలన్నది వాడుక. 9 మీటర్ల దానికి మీటరున్నర. దీనికి ట్రాక్టర్ వెనక బిగించే డ్రిల్లు మంచిది. అది స్తంభానికి సరిపడా గుండ్రటి గుంత చేస్తుంది, చుట్టూ నేల కదలదు. జేసీబీ బకెట్ అయితే కావలసినదానికి రెండు మూడింతల గుంత చేసిపెడుతుంది. ఆ ఖాళీలోకి వదులు మట్టి నెట్టి కాలితో తొక్కేస్తారు. మొదటి వానాకాలం తర్వాత స్తంభం పక్కకు ఒరుగుతుంది. తప్పు స్తంభానిది కాదు.

హైమాస్ట్‌కు బోల్టుల మీద నిలబడే కాంక్రీటు పునాది వేయాలి. దీనికి జేసీబీతో తవ్వినా పరవాలేదు, అడుగు మాత్రం మనుషులతో చదును చేయించాలి. 16 మీటర్ల దానికి మామూలు నేలలో మీటరున్నర నుంచి రెండు మీటర్ల లోతు వస్తుంది. కొలతలు డ్రాయింగ్‌లో ఉన్నట్టే వేయాలి, పక్క ఊళ్లో వేసినవి చూసి కాదు. చాలా డ్రాయింగ్‌లు నేల చదరపు మీటరుకు 10 టన్నులు మోస్తుందన్న అంచనాతో గీస్తారు. మీ నేల అంత మోస్తుందా అన్నది మట్టి పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. పూడ్చిన చెరువు మీద, పాత చెత్తకుప్ప మీద కూడళ్లు వచ్చిన ఊళ్లు మనకు తక్కువేం కాదు.

మాది నల్లరేగడి నేల. ఏదైనా ప్రత్యేకంగా చేయాలా?

చేయాలి. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి పట్టేంత నెర్రెలు ఇస్తుంది. ఏటా స్తంభాన్ని పట్టుకుని ఊపినట్టే ఉంటుంది. చిన్న స్తంభాలకైతే గుంత కాస్త వెడల్పు చేసి, రేగడి తీసేసి, మొరంతో (కోస్తాలో గ్రావెల్ అంటారు) అరడుగు అరడుగు పొరలుగా తడిపి దిమ్మిసా కొట్టిస్తాం. హైమాస్ట్‌కు మాత్రం ఇంజినీరు డిజైన్ చేసిన పునాదే వేయాలి, కొన్నిచోట్ల పైల్స్ (భూమిలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు) దాకా పోవాల్సి వస్తుంది. మనదేశపు రేగడిలో ఈ ఉబ్బడం, కుంగడం దాదాపు మూడున్నర మీటర్ల లోతు దాకా ఉంటుంది. రెండు మీటర్లు తవ్వి గట్టిగా ఉందనుకుంటే సరిపోదు. బండ తగిలితే సంతోషించి ఊరుకోవద్దు. బండలోకి డ్రిల్ చేసి బోల్టులు దింపే డ్రాయింగ్ వేరే ఉంటుంది, అది తెప్పించుకోండి.

బోల్టుల దగ్గర మీకంత పట్టింపు ఎందుకు?

దెబ్బ తిన్నాం కాబట్టి. కొన్నేళ్ల కిందట ఒక ఊళ్లో 16 మీటర్ల మాస్ట్. ఎనిమిది బోల్టుల గుత్తిని గుంతలో నిలబెట్టి, కాంక్రీటు పోసి, వైబ్రేటర్ పెట్టి వచ్చేశాం. నాలుగు వారాల తర్వాత స్తంభం వచ్చింది. హైడ్రాకు (చిన్న క్రేన్ బండికి) వేలాడదీసి మెల్లగా దింపుతున్నాం, ఊరంతా చుట్టూ నిలబడి చూస్తోంది. ఏడు బోల్టులు స్తంభం అడుగు ప్లేటు రంధ్రాల్లోకి వచ్చాయి, ఎనిమిదోది రాలేదు. వైబ్రేటర్ తగిలి అది సుమారు 12 మిల్లీమీటర్లు పక్కకు జరిగింది. మా కుర్రాడు గ్యాస్ కట్టర్ తెచ్చేశాడు. "అన్నా, ప్లేటు రంధ్రం కొంచెం కోసేద్దామా? ఐదు నిమిషాల పని." ఎవరికైనా చేయబుద్ధేస్తుంది. కోస్తే ఆ చోట జింకు పూత పోయి తుప్పు మొదలవుతుంది. పైగా స్తంభం మీద పడే గాలి బలమంతా దిగేది ఆ ప్లేటులోకే. స్తంభాన్ని మళ్లీ కింద పడుకోబెట్టి హైడ్రాను పంపేశాం. డిజైనరు చెప్పినట్టు ఆ బోల్టు చుట్టూ కాంక్రీటు చెక్కి, సరిచేసి, మళ్లీ గ్రౌట్ (సందుల్లో నింపే సిమెంటు ముద్ద) నింపాం. రెండు రోజుల క్రేన్ అద్దె మా జేబులోంచే పోయింది.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. పైనా కిందా రెండు టెంప్లేట్ ప్లేట్లు (బోల్టులను వాటి చోట్లలో పట్టి ఉంచే రంధ్రాల ప్లేట్లు), ప్రతి బోల్టుకూ ప్లేటుకు రెండు వైపులా నట్లు. పోసేముందు మూలల నుంచి మూలలకు టేపు పెట్టి కొలుస్తాం. పోసిన అరగంటలో, కాంక్రీటు ఇంకా పచ్చిగా ఉండగానే మళ్లీ కొలుస్తాం. పక్కకు పోయిన బోల్టు అప్పుడైతే చేత్తో జరుగుతుంది, మర్నాటికి సుత్తికీ జరగదు. మరలకు గ్రీజు రాసి గుడ్డ చుట్టాలి. కేబుల్ వచ్చే పైపులు పునాదిలోనే పెట్టుకోవాలి. ఈ పైపులు మర్చిపోవడం ఎంత మామూలంటే, కాంక్రీటు లారీ వచ్చేముందు మా మేస్త్రీ "పైపులూ!" అని గట్టిగా అరవడం ఇప్పుడు ఆనవాయితీ అయిపోయింది.

కాంక్రీటు వేశాక ఎన్ని రోజులకు స్తంభం నిలబెట్టవచ్చు?

28 రోజులు. ఏడో రోజుకు వచ్చేది మొత్తం బలంలో సుమారు మూడింట రెండు వంతులే. మామూలు సిమెంటైతే కనీసం ఏడు రోజులు, పీపీసీ, స్లాగ్ లాంటి మిశ్రమ సిమెంటైతే పది రోజులు తడి ఆరకుండా క్యూరింగ్ చేయాలని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. మన ఎండల్లో గోనెసంచులు కప్పి పొద్దునా సాయంత్రం తడపాల్సిందే. "ఆదివారం ఎమ్మెల్యే గారు స్విచ్ వేస్తారు, నిలబెట్టేయండి" అని ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. ఆ తేదీ కాంక్రీటుకు తెలియదు కదా! ముందే చెబితే నెల ముందు పునాది వేస్తాం, అప్పుడు అందరికీ మర్యాద దక్కుతుంది.

హైడ్రా సరిపోతుందా, పెద్ద క్రేన్ కావాలా?

బరువు కంటే ముందు ఎత్తు చూడాలి. స్తంభాన్ని దాని బరువు మధ్యస్థానానికి పైన పట్టుకుని లేపాలి. కింద లావుగా పైన సన్నగా ఉంటుంది కాబట్టి ఆ స్థానం సగం కంటే కొంచెం కిందే ఉంటుంది. అయినా 20 మీటర్ల మాస్ట్‌కు కొక్కెం 11, 12 మీటర్ల ఎత్తుకు పోవాలి, దానిపైన బెల్టులకు చోటుండాలి. 16 మీటర్ల వరకు మన ఊళ్లలో దొరికే హైడ్రా హాయిగా చేస్తుంది. 20కి బూమ్ (క్రేన్ చేయి) పూర్తిగా చాచాలి, పని అంచు మీద నడుస్తుంది. 25, 30 మీటర్లకు టెలిస్కోపిక్ క్రేన్ తెప్పించడమే.

"14 టన్నుల హైడ్రా, మీ స్తంభం ఒక టన్ను కూడా లేదు" అని డ్రైవర్ అంటాడు. ఆ 14 టన్నులు బూమ్ ముడుచుకుని, బండికి దగ్గరగా ఎత్తినప్పటి మాట. చాచేకొద్దీ, దూరం పెరిగేకొద్దీ మోయగలిగేది బాగా తగ్గిపోతుంది. క్యాబిన్‌లో లోడ్ చార్టు అతికించి ఉంటుంది, అది చూడండి. చార్టు చిరిగిపోయిందంటే వేరే బండి చూసుకోండి.

ముక్కలను కలపడం ఎలా? వెల్డింగ్ చేయరా?

చేయకూడదు. పొడవాటి మాస్ట్ రెండు మూడు ముక్కలుగా లారీలో వస్తుంది. పై ముక్క కింది ముక్క మీదికి టోపీలా ఎక్కుతుంది. ఎంత లోపలికి పోవాలంటే, అతుకు దగ్గర వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు. అక్కడ వ్యాసం 300 మిల్లీమీటర్లైతే అతుకు 450. ముందే కింది ముక్క మీద పెయింట్‌తో గీత గీసుకోవాలి. ముక్కలను చెక్క స్లీపర్ల మీద ఒకే మట్టంలో పడుకోబెట్టి, రెండు పక్కలా పుల్‌లిఫ్ట్‌లు (చేత్తో తిప్పి గొలుసు లాగే సాధనాలు) తగిలించి ఇద్దరు సమానంగా లాగుతారు. ఒకడు వేగంగా, ఒకడు నెమ్మదిగా లాగితే అతుకు వంకరగా బిగుసుకుంటుంది, విడదీయడానికి పూటంతా పోతుంది. లాగుతుండగా చెక్క అడ్డం పెట్టి సుత్తితో తడుతూ ఉంటారు. మొదట బోలుగా మోగుతుంది. బిగిసేకొద్దీ మోత ముదిరి రాయి మీద కొట్టినట్టు వస్తుంది. అప్పుడు గీత చేరిందా లేదా చూస్తాం. మోత మారినా గీత చేరకపోతే లాగడం ఆపకూడదు.

ముక్కలు కలిపేముందే లోపలి నుంచి ఒక పైలట్ తాడు దూర్చి ఉంచాలి. అది మరిచిపోతే రోపులు, కేబుల్ లాగే దారే ఉండదు. ఎక్కడైనా పూత గీసుకుపోతే జింకు ఎక్కువున్న పెయింట్ వేయాలి. అల్యూమినియం రంగు వేసి మెరిపిస్తే పైకి బాగుంటుంది, తుప్పును ఆపదు.

లేపే రోజు పని ఎలా నడుస్తుంది?

పొద్దున్నే మొదలుపెడతాం. మధ్యాహ్నం దాటితే గాలి లేస్తుంది, జనమూ పెరుగుతారు. గాలి గంటకు 30 కిలోమీటర్లు దాటినట్టనిపిస్తే ఆపేయాలన్నది మా లెక్క. స్తంభం పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో చుట్టూ తాడు కట్టి ఎవరినీ లోపలికి రానివ్వం, ఫోన్లో వీడియో తీసుకునేవాళ్లతో సహా. కింది నట్లను ముందే బోల్టులకు ఎక్కించి, రసమట్టం పెట్టి అన్నిటినీ ఒకే మట్టానికి తెస్తాం. ఇది సరిగ్గా చేస్తే తర్వాత సగం పని తప్పుతుంది.

బెల్టులు కట్టాక స్తంభాన్ని అరడుగు లేపి ఆపుతాం. ఆ రెండు నిమిషాల్లో బెల్టు జారుతోందా, బండి వెనక టైర్లు తేలుతున్నాయా చూస్తాం. తర్వాత అడుగు భాగం నేలకు ఈడ్చుకోకుండా ఇద్దరు స్లీపర్ల మీద నడిపిస్తుంటే, పై భాగానికి కట్టిన రెండు తాళ్లను చెరో వైపు మరో ఇద్దరు పట్టుకుంటారు. సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలి. సర్పంచ్ గారైనా, కాంట్రాక్టరైనా "ఇటు, ఇటు" అని చేయి ఊపితే డ్రైవర్ చూడకూడదని ముందే చెప్పుకుంటాం. ప్లేటు బోల్టుల దగ్గరికి వచ్చాక వేళ్లు కింద పెట్టకుండా గునపంతో సర్దుతారు. పై నట్లు, వాషర్లు, వాటి మీద చెక్ నట్లు (పై నట్టు వదులు కాకుండా వేసే రెండో నట్లు) బిగిశాకే బెల్టు వదలాలి. తలుపు ఎటు తిరిగి ఉండాలో లేపకముందే చూసుకోండి. తలుపు దగ్గర పనిచేసేవాడికి ఎదురొచ్చే బండ్లు కనిపించాలి, వీపు వెనక కాదు.

నిటారుగా ఉందని ఎలా తెలుస్తుంది?

ఒకదానికొకటి లంబంగా రెండు వైపుల నుంచి చూడాలి. ఒక వైపు నుంచి నిటారుగా కనిపించేది పక్క నుంచి చూస్తే వాలి ఉండొచ్చు. థియోడొలైట్ ఉంటే మేలు. లేకపోతే దూరంగా నిలబడి తూకం గుండు వేలాడదీసి, ఆ దారాన్ని స్తంభం అంచుకు కలిపి చూస్తాం. తేడా ఉంటే కింది నట్లు తిప్పి సరిచేస్తాం. పొద్దున చూసిన స్తంభాన్ని మధ్యాహ్నం చూస్తే కాస్త వంగినట్టుంటుంది. ఎండ తగిలిన వైపు ఇనుము వ్యాకోచించడం వల్ల అది. అందుకే చివరి కొలత సూర్యుడు పైకి రాకముందే. తర్వాత ప్లేటు కింద గ్రౌట్ నింపి, లోపల చేరే నీళ్లు పోవడానికి చిన్న దారి వదలాలి.

క్రేన్ రాని ఇరుకు సందులో స్తంభం ఎలా?

8, 9 మీటర్ల స్తంభాల వరకు మూడు కాళ్ల డెర్రిక్, కప్పీ, చేతి వించ్‌తో లేపవచ్చు, మనవాళ్లు దశాబ్దాలుగా చేస్తున్నదే. హైమాస్ట్ మాత్రం క్రేన్ రాని చోట పెట్టకండి. రేపు దాని బాగోగులకూ దారి కావాలి.

పక్కనే 11 కేవీ లైను పోతోంది. జాగ్రత్తగా చేస్తే సరిపోతుందా?

సరిపోదు. లైన్ క్లియర్, అంటే ఎల్‌సీ తీసుకోవాల్సిందే. డిస్కం ఏఈకి రాసిచ్చి, సబ్‌స్టేషన్‌లో సరఫరా ఆపించి, లైన్‌మన్ వచ్చి రాడ్లతో లైనును ఎర్త్ చేశాకే బూమ్ ఎత్తాలి. "ఫోన్ చేశాం, ఆపేశారంట" అన్న మాట మీద ఎవరూ బూమ్ ఎత్తొద్దు. ఎవరి ఇంటి జనరేటర్ నుంచో కరెంటు వెనక్కి వచ్చి ప్రాణాలు పోయిన సంగతులు ఈ వృత్తిలో అందరికీ తెలుసు. పని అయ్యాక ఎల్‌సీ తిరిగి ఇచ్చేది కూడా తీసుకున్న మనిషే.

వానాకాలం స్తంభాలకు షాక్ కొట్టడం ఎందుకు? ఎలా ఆపాలి?

తలుపు ఊడిపోయి, లోపలి జాయింట్ల టేపు పోయి, ఎర్తింగ్ లేక. గేదెలు పోతే అప్పుడు గుర్తొస్తుంది. హైమాస్ట్‌కు రెండు ఎర్త్ గుంతలు కావాలి. పైపు ఎలక్ట్రోడైతే కనీసం రెండున్నర మీటర్ల పొడవు. స్తంభానికి ఎర్త్ పట్టీని బోల్టుతో బిగించాలి, చుట్టి వదిలేయకూడదు. ప్యానెల్‌లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) పెట్టించండి. ఎర్త్ నిరోధం 5 ఓంల లోపు రావాలని మేం చూస్తాం, అదీ ఎండాకాలంలో కొలిచి. వాన మర్నాడు కొలిస్తే ఏ గుంతైనా బాగానే చూపిస్తుంది.

రింగ్ మధ్యలో ఆగిపోయింది. ఏం చేయాలి?

ముందు కింద ఉన్నవాళ్లను పక్కకు పంపండి. బలవంతంగా మోటారు తిప్పకండి. టార్క్ లిమిటర్ (బరువు మించితే జారిపోయే మోటారు రక్షణ) జారుతోందంటే ఎక్కడో పట్టేసిందని అది చెబుతోంది, దాన్ని ఇంకాస్త బిగిస్తే రోపు తెగుతుంది. ఎక్కువసార్లు కారణం వించ్ డ్రమ్ము మీద రోపు వదులుగా చుట్టుకుని ఒకదాని కింద ఒకటి ఇరుక్కోవడం. బిగువు లేకుండా దించితే అలా అవుతుంది. హ్యాండిల్ వేసి చేత్తో కొంచెం పైకి, కొంచెం కిందికి తిప్పి చూడండి. రాకపోతే బకెట్ క్రేన్ పిలవండి. ఆరు నెలలకోసారి దించి, రోపులకు గ్రీజు పెట్టి, తెగిన తీగలున్నాయేమో గుడ్డతో తుడుస్తూ చూస్తే ఈ గొడవ రాదు. తెగిన పోగు ఉంటే గుడ్డకు తగులుకుంటుంది.

తుపాను ప్రాంతాల్లో ఏం తేడా?

చాలా. గాలి బలాల భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం ప్రాథమిక గాలి వేగం కర్నూలుకు సెకనుకు 39 మీటర్లు, హైదరాబాద్‌కు 44, విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరులకు 50, అంటే గంటకు 180 కిలోమీటర్లు. గాలి తోపు వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. కర్నూలు కంటే విశాఖలో స్తంభం మీద పడేది ఒకటిన్నర రెట్లకు పైనే. కర్నూలు డ్రాయింగ్‌తో విశాఖలో పునాది వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు నగరంలో కరెంటు స్తంభాలు ఎలా ఒరిగాయో చూసినవాళ్లకు ఇది పుస్తకం లెక్కలా అనిపించదు. తుపాను హెచ్చరిక రాగానే రింగ్‌ను కిందికి దించి స్తంభానికి కట్టేయండి. పైన గాలికి తగిలే వెడల్పు తగ్గుతుంది.

కరెంటు బిల్లు ఎంత వస్తుంది?

200 వాట్ల ఎల్ఈడీలు ఎనిమిది, రాత్రి 12 గంటలు వెలిగితే రోజుకు 19.2 యూనిట్లు, నెలకు దాదాపు 576. టైమర్ పెట్టి అర్ధరాత్రి తర్వాత సగం ఆర్పేస్తే తగ్గుతుంది. ఆ రెండు సర్క్యూట్ల ఏర్పాటు మొదట్లోనే చేయించుకోవాలి.

పని అప్పగించుకునేటప్పుడు ఏం చూడాలి?

మీ ముందే రింగ్‌ను పూర్తిగా దించి, మళ్లీ ఎక్కించమనండి, ఒకసారి మోటారుతో, ఒకసారి చేత్తో. చెక్ నట్లు అన్నీ ఉన్నాయా లెక్కపెట్టండి. ఎర్త్ కొలత కాగితం, గాల్వనైజింగ్ సర్టిఫికెట్, పునాది డ్రాయింగ్ తీసుకోండి. వించ్ హ్యాండిల్, తలుపు తాళం చెవి పంచాయతీ బీరువాలో పెట్టి రిజిస్టర్‌లో రాయించండి. రెండేళ్ల తర్వాత మాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఆ హ్యాండిల్ కోసమే.